పంటి క్లినిక్‌లో హ్యాండ్‌పీసులు ఎన్ని ఉన్నాయో అడగండి

మీ ప్రశ్న సారాంశం ఇది. అమ్మగారికి అరవై దాటాయి, షుగరు ఉంది, కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించాలన్నారు. మీ పట్టణంలో మూడు క్లినిక్‌లు ఉన్నాయి. ఒకటి కొత్తది, అద్దాలతో మెరిసిపోతోంది. రెండోది పాతది, డాక్టరు గారికి మంచి పేరుంది. మూడోదాంట్లో ఫీజు సగమే. ఎక్కడ పరికరాలు శుద్ధంగా ఉంటాయో, ఎక్కడ పని నాణ్యంగా జరుగుతుందో వైద్యం తెలియని మనిషి ఎలా కనిపెట్టాలి?

నేను డెంటిస్టునే. కోస్తాలో మీ ఊరంత ఊళ్లోనే చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, కొంతకాలం అసిస్టెంట్లకు శిక్షణ కూడా ఇచ్చాను. అందుకని మొహమాటం లేకుండా చెబుతాను. ఏసీ, గ్రానైటు, గోడకు టీవీ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న అమ్మాయి ఫొటో, ఇవన్నీ ఆ డాక్టరుకు బ్యాంకు అప్పు ఎంత ఉందో చెబుతాయేమో గానీ, మీ అమ్మగారి నోట్లో పెట్టబోయే పరికరం సంగతి చెప్పవు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: "మీ దగ్గర హ్యాండ్‌పీసులు ఎన్ని ఉన్నాయండీ?"

హ్యాండ్‌పీస్ అంటే పన్ను అరగదీసే డ్రిల్లు పిడి. లోపల చిన్న టర్బైను గాలి ఒత్తిడితో నిమిషానికి 3 లక్షలకు పైగా తిరుగుతుంది. డాక్టరు పెడలు మీంచి కాలు తీసి అది ఆగే క్షణంలో నోట్లోని ఉమ్మిని, రక్తాన్ని కొంత లోపలికి లాక్కుంటుంది. పైన స్పిరిట్‌తో తుడిస్తే పైది మాత్రమే పోతుంది. లోపల చేరినది తర్వాతి పేషంటు నోట్లోకి నీటి తుంపరతో పాటు వస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా 7 రోజుల వరకు బతికి ఉండగలదు. కాబట్టి ప్రతి పేషంటు తర్వాతా హ్యాండ్‌పీస్ ఆటోక్లేవ్‌లోకి, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలోకి వెళ్లి తీరాలి. ఇందులో రెండో మాట లేదు.

ఇక లెక్క చూడండి. వాడిన హ్యాండ్‌పీస్‌ను కడగాలి, నూనె పట్టించాలి, పౌచ్‌లో (ఆవిరి లోపలికి పోగల కాగితపు సంచిలో) పెట్టి అంటించాలి, ఆటోక్లేవ్‌లో వేయాలి. పౌచ్‌లో ఉన్న పరికరానికి మామూలు యంత్రంలో 121 డిగ్రీల దగ్గర అరగంట పడుతుంది. వాక్యూమ్ ఉన్న యంత్రంలో 134 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు చాలు. కానీ యంత్రం వేడెక్కడం, చివర్లో ఆరబెట్టడం కూడా కలిపితే ఎటు చూసినా ముప్పావు గంట నుంచి గంట. సాయంత్రం 5 నుంచి 9 దాకా పదిమందికి డ్రిల్లు పెట్టే క్లినిక్‌లో రెండే హ్యాండ్‌పీసులు ఉంటే, వాటిని ప్రతిసారీ ఆటోక్లేవ్ చేస్తున్నామని ఎవరు చెప్పినా కాలం ఒప్పుకోదు. ఆరో ఎనిమిదో ఉన్నాయంటే ఆ డాక్టరు ఈ లెక్క ముందే వేసుకున్నాడని అర్థం. కొందరు ఎందుకు వెనకాడతారో కూడా చెప్పాలి. మంచి హ్యాండ్‌పీస్ ఖరీదు వేలల్లో ఉంటుంది, వేడికి లోపలి బేరింగులు త్వరగా అరుగుతాయి. అంటే శుద్ధి చేసిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. తుడిచి వాడితే మిగులుతుంది. ఫీజు సగం ఉన్నచోట ఈ ప్రశ్న తప్పకుండా అడగమనేది అందుకే. అలాగని చవక క్లినిక్ అంటే చెడ్డదని కాదు. సొంత భవనం ఉండి, అద్దె బాధ లేక తక్కువ తీసుకునేవాళ్లూ ఉన్నారు.

ఆటోక్లేవుల్లో రకాలున్నాయి. చిన్న ఊళ్లలో ఎక్కువగా కనిపించేది కుక్కర్ లాంటిది. అద్దం, ప్రోబ్, పన్ను తీసే ఫోర్సెప్స్ లాంటి గట్టి లోహపు పరికరాలకు దాన్ని పద్ధతిగా వాడితే పనిచేస్తుంది. లోపల బోలుగా ఉండే హ్యాండ్‌పీసులకు మాత్రం ముందు గాలిని బయటకు లాగేసే వాక్యూమ్ పంపు ఉన్న రకం కావాలి. దాన్ని క్లాస్ బి అంటారు. గాలి బుడగ మిగిలిపోయిన చోటికి ఆవిరి చేరదు. కుక్కర్ రకంతో ఇంకో చిక్కు, పౌచ్‌లు తడిగా బయటికొస్తాయి. తడి కాగితం గుండా క్రిములు లోపలికి పోగలవు, కాబట్టి తడి పౌచ్ శుద్ధమైనదిగా లెక్క కాదు. అయినా ఒక మాట. రిసెప్షను పక్కన అద్దాల వెనుక అలంకారంగా కూర్చుని, వారానికి రెండుసార్లు మాత్రమే తిరిగే క్లాస్ బి యంత్రం కన్నా, వెనక గదిలో రోజంతా పనిచేసే పాత యంత్రం నయం.

యంత్రం కన్నా పౌచ్ ఎక్కువ నిజం చెబుతుంది. అమ్మగారు కుర్చీలో కూర్చున్నాక పరికరాల పౌచ్‌ను మీ ఎదుటే చింపాలి. దాని మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, ఆవిరి తగిలితే రంగు మారుతుంది. పక్కన పెన్నుతో తేదీ రాసి ఉంటే ఇంకా మంచిది. రంగు మారిందంటే ఆ పౌచ్ ఆటోక్లేవ్‌లోకి వెళ్లొచ్చిందని మాత్రమే తెలుస్తుంది, లోపలి క్రిములన్నీ చచ్చాయని కాదు. దానికి వేరే పరీక్ష ఉంది. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే మొండి బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో వేడిని తట్టుకునే విత్తనాల్లాంటివి) ఉన్న స్ట్రిప్‌ను సరుకుతో పాటు ఆటోక్లేవ్‌లో వేసి, తర్వాత అవి మొలుస్తాయేమో చూస్తారు. మొలవకపోతే యంత్రం పనిచేస్తున్నట్టు. వారానికోసారి చేయాలని ప్రమాణం. నేను చూసినంతలో మన చిన్న పట్టణాల్లో దీన్ని క్రమం తప్పకుండా చేసేవాళ్లు తక్కువ. చేసేవాళ్ల దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది, అడిగితే గర్వంగా చూపిస్తారు.

పేషంట్లను బాగా బురిడీ కొట్టించేది నీలిరంగు దీపం వెలిగే అద్దాల అలమర. అందులో పరికరాలు వరుసగా పేర్చి ఉంటాయి, చూడ్డానికి ల్యాబులా ఉంటుంది. ఆ దీపం ఇచ్చే అతినీలలోహిత కాంతి తగిలిన ఉపరితలం మీదే పనిచేస్తుంది. ఫోర్సెప్స్ కీలు సందుల్లోకి అది పోదు. ఆటోక్లేవ్ చేసినవి దాచుకోవడానికి ఆ పెట్టె పనికొస్తుంది, అంతే. నీళ్లలో మరిగించడం వల్ల స్పోర్లు చావవు. గ్లూటరాల్డిహైడ్ ద్రవంలో ఇరవై నిమిషాలు ముంచితే చాలా క్రిములు పోతాయి గానీ పూర్తి శుద్ధి కావాలంటే 10 గంటలు ఉంచాలి. సాయంత్రం రద్దీలో పది గంటలు ఎవరు ఆగుతారు?

ఇప్పుడు సెలైన్ సీసా గురించి. అమ్మగారికి షుగరు ఉంది కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను.

2023లో తమిళనాడు తిరుపత్తూరు జిల్లా వాణియంబాడిలో ఒక పంటి క్లినిక్‌తో ముడిపడి 10 మందికి మెదడుకు ఇన్‌ఫెక్షను సోకింది. ఎనిమిదిమంది చనిపోయారు. వాణియంబాడి మనకు పరాయి దేశమేమీ కాదు, మన కుప్పం అవతలే. కారణమైనది బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా, అది తెచ్చే జబ్బు పేరు మెలియాయిడోసిస్. అది మట్టిలో, నీళ్లలో, ముఖ్యంగా వరి పొలాల్లో ఉంటుంది, షుగరు ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. దర్యాప్తు చేసిన నిపుణులు 2025లో ప్రచురించిన నివేదికలో తేల్చినదేమిటంటే, చిగురును ఎముక నుంచి వేరుచేసే పెరియోస్టియల్ ఎలివేటర్ అనే పరికరంతోనే సెలైన్ సీసా మూత తెరిచారు, తర్వాత వదులుగా మూసి మళ్లీ మళ్లీ వాడారు. పెద్ద యంత్రం ఏదీ చెడిపోలేదు. ఒక సీసా మూత దగ్గర అశ్రద్ధ, అంతే.

సీసా మూతకు ఒక సూది గుచ్చి అలాగే వదిలేసి, ఎవరికి కావాలంటే వాళ్లకు అందులోంచి సిరంజితో లాగడం మన దగ్గర ఎన్నో క్లినిక్‌లలో అలవాటు. మిగిలిపోయిన సెలైన్ పారబోయడానికి చేయి రాదు. ఖరీదు చూస్తే కొన్ని రూపాయలు. కౌంటరు మీద సగం ఖాళీ అయిన సీసా, దాని నెత్తిన సూది కనిపిస్తే ఆ రోజుకు అక్కడ పని చేయించవద్దు, ముఖ్యంగా పన్ను తీయడం, చిగురు కోయడం లాంటివి. అలాంటి పనులకు పేషంటుకో కొత్త సీసా తెరవాలి. కుర్చీ గొట్టాల్లోంచి వచ్చే నీళ్లు కోతలకు అసలు పనికిరావు. ఆ సన్న గొట్టాల లోపల క్రిములు జిగట పొరలా పేరుకుంటాయి. అమెరికాలో 2016లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో పాలపళ్లకు చికిత్స చేయించుకున్న పిల్లలు పదుల సంఖ్యలో దవడ ఇన్‌ఫెక్షన్లతో ఆసుపత్రుల పాలైంది ఆ నీళ్ల వల్లే. మామూలు ఫిల్లింగు, రూట్ కెనాల్ పనులకు ఆ నీళ్లు వాడవచ్చు గానీ, పేషంటుకూ పేషంటుకూ మధ్య ఇరవై ముప్పై సెకన్లు వృథాగా వదిలేయాలి, గొట్టాలను మందుతో క్రమంగా శుద్ధి చేస్తుండాలి.

మత్తు మందు దగ్గర కూడా ఇదే సమస్య. విదేశాల్లో ఒక్కొక్క పేషంటుకు ఒక్కొక్క 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జి వాడతారు. మన దగ్గర ఎక్కువగా నడిచేది 30 మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్ వయల్, అంటే ఒకే వయల్ చాలామందికి. సిరంజి, సూది రెండూ కొత్తవైతే అది తప్పేమీ కాదు. తప్పు జరిగేది మధ్యలో. మత్తు సరిగా ఎక్కలేదని, నోట్లో ఒకసారి గుచ్చిన అదే సిరంజిని మళ్లీ వయల్‌లో ముంచి ఇంకొంచెం లాగుతారు. "అదే పేషంటు కదా" అనుకుంటారు. కానీ ఆ వయల్ తర్వాతి పేషంటుది కూడా. రెండోసారి మత్తు ఇవ్వాల్సి వస్తే కొత్త సిరంజి కవరు చింపుతున్నారా లేదా అన్నది కళ్లారా చూడండి.

డాక్టరు కన్నా అసిస్టెంటును గమనించమని నేను అందరికీ చెబుతాను. గ్లోవ్స్ వేసుకున్న చేతితోనే ఫోను ఎత్తి, సొరుగు లాగి, దూది డబ్బా మూత తీసి, తిరిగి నోటి దగ్గరికి చేయి పెడితే ఆ గ్లోవ్స్ కాపాడేది అసిస్టెంటును మాత్రమే. కొత్త గ్లోవ్స్ వేసుకునే ముందు చేతులు కడుక్కోవడం, లైటు పిడికి, కుర్చీ బటన్లకు ప్లాస్టిక్ పొర తొడగడం, పేషంటు లేచాక దాన్ని తీసి పారేయడం, కుర్చీని మందుతో తుడిచి ఆరనివ్వడం, ఇవన్నీ చేస్తే ఒక పేషంటు లేచి ఇంకొకరు కూర్చోవడానికి పది నిమిషాలైనా పడుతుంది. ఒకరు లేవగానే రెండోవారిని "రండి రండి" అని కూర్చోబెట్టేస్తుంటే ఇంకేమీ అడగక్కర్లేదు. అందుకే సాయంత్రం రద్దీ వేళ వెళ్లి, అరగంట ఊరికే కూర్చోండి. ఉదయం పదకొండింటికి ఏ క్లినిక్ అయినా శుభ్రంగానే ఉంటుంది.

చెత్త బుట్టలు కూడా చూడండి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, తీసిన పళ్లు పసుపు సంచిలోకి, గ్లోవ్స్, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి. 48 గంటలకు మించి ఉంచకుండా వ్యర్థాల శుద్ధి కేంద్రం బండికి అప్పగించాలి. ఒకటే నల్ల సంచిలో అన్నీ పోతుంటే, తెల్లవారి మున్సిపాలిటీ కార్మికురాలి చేతికి ఏ సూదో గుచ్చుకుంటుంది. ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ. తన పేషంటును కాపాడుకుంటూ వీధి ఊడ్చే మనిషిని గాలికొదిలేసే క్లినిక్‌ను నేను మంచి క్లినిక్ అనను.

ఇక పని నాణ్యత. రూట్ కెనాల్ విషయంలో రెండే రెండు అడగండి. పనికి ముందు, మధ్యలో, చివర ఎక్స్‌రే తీస్తారా? పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ కడతారా? ఎక్స్‌రే అంటే భయపడేవాళ్లు ఇప్పటికీ చాలామంది. పంటికి తీసే చిన్న డిజిటల్ ఎక్స్‌రేతో వచ్చే రేడియేషన్, మనం ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి ఒక రోజులో వచ్చేదాన్ని మించదు. వేర్లు ఎంత పొడవున్నాయో చూడకుండా, చివరి దాకా నింపారో లేదో చూడకుండా చేసే రూట్ కెనాలే అసలు ప్రమాదం. యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, అడగడం మీ హక్కు. రబ్బరు డ్యామ్ అంటే చికిత్స చేసే పన్నును మాత్రమే బయటికి ఉంచి మిగతా నోటిని కప్పే పలుచని తెర. ఉమ్మి లోపలికి పోదు, లోపల కడగడానికి వాడే ఘాటు హైపోక్లోరైట్ గొంతులోకి దిగదు, చేయి జారిన చిన్న ఫైలు (వేరు లోపల గీకే సూదిలాంటి పరికరం) శ్వాసనాళంలో పడదు. మన దగ్గర చాలామంది కట్టరు, "టైము పడుతుంది, పేషంట్లకు ఇబ్బంది" అంటారు. నా అభిప్రాయం అడిగితే, మూడు క్లినిక్‌లలో ఒక్కటే డ్యామ్ కడుతుంటే, మిగతా వివరాలు కాస్త అటూ ఇటూ ఉన్నా నేను మా అమ్మను అక్కడికే తీసుకెళ్తాను.

పని ఎవరు చేస్తారన్నది కూడా తేల్చుకోండి. బోర్డు మీద పేరు ఒకరిది, వారానికోసారి నగరం నుంచి వచ్చి రూట్ కెనాల్ చేసే స్పెషలిస్టు ఇంకొకరు. ఈ పద్ధతిలో దోషం లేదు, పైగా ఎండోడాంటిక్స్‌లో, అంటే రూట్ కెనాల్ విభాగంలో ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) చేసినవారి చేయి నాణ్యంగా ఉంటుంది. ఆదివారం పని చేసి వెళ్లిపోతే మంగళవారం రాత్రి నొప్పొస్తే ఎవరు చూస్తారో ముందే అడగాలి. చేసేది ఎవరైనా రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఆ సర్టిఫికెట్టు గోడకు కనిపించాలి. "నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను" అనేవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో పళ్లు కడుతూనే ఉన్నారు, జాగ్రత్త. ఖర్చే పెద్ద సమస్య అయితే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. రద్దీ ఉంటుంది, రెండు మూడు సార్లు తిరగాలి, కానీ పని మీద పై వాళ్ల కన్ను ఉంటుంది.

అమ్మగారి విషయంలో నేనైతే ఇంకొకటి కూడా చూస్తాను. నోరు తెరవమనే ముందే డాక్టరు షుగరు ఎంత ఉంది, బీపీ ఎంత, గుండెకు స్టెంటు గానీ వాల్వు గానీ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా అని అడగాలి. అడగని డాక్టరు ఎంత నేర్పరి అయినా వద్దు. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపకండి. రూట్ కెనాల్‌కు సాధారణంగా ఆపాల్సిన అవసరం రాదు, ఆపితే గుండెకు ముప్పు. అత్యవసర పెట్టె ఉందా అని కూడా అడగవచ్చు. ఆక్సిజన్ సిలిండరు, అడ్రినలిన్, ఆస్తమా ఇన్‌హేలరు, గ్లూకోజు, షుగరు మీటరు ఉండాలి, మందుల గడువు దాటి ఉండకూడదు.

ఇవన్నీ అడిగితే డాక్టరు గారు చిన్నబుచ్చుకుంటారేమోనని మీరు రాశారు. పోలీసులా అడక్కండి. "అమ్మకు షుగరు సార్, అందుకని కొంచెం భయంగా ఉంది, పరికరాలు ఎలా శుద్ధి చేస్తారో ఒకసారి చూపిస్తారా" అనండి. పద్ధతిగా నడిపేవాళ్లకు ఈ ప్రశ్న వింటే ముచ్చట. ఎవరూ అడగరు గదా, అడిగినవాళ్లను లోపలికి తీసుకెళ్లి మరీ చూపిస్తారు. ఖర్చుపెట్టింది చూపించుకోవాలని ఎవరికుండదు? విసుక్కున్నవాళ్లకు ఫీజు ఇచ్చి నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీకు మూడు క్లినిక్‌లూ తిరిగి చూసేంత తీరిక ఉందో లేదో అమ్మగారి పన్ను మీద ఆధారపడి ఉంటుంది. నొప్పి మాత్రమే ఉంటే ఒకటి రెండు రోజులు వెతకవచ్చు. వెళ్లే రోజు ఉదయం టిఫిను తిని, షుగరు మాత్ర వేసుకుని, మందుల చీటీలు, ఇటీవలి షుగరు రిపోర్టు వెంట తీసుకెళ్లండి. పరగడుపున వెళ్తే కుర్చీలోనే షుగరు పడిపోవచ్చు. దవడ కింద వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడం గానీ నోరు తెరవడం గానీ కష్టమవుతున్నా ఈ వెతుకులాట మొత్తం పక్కన పెట్టి, అదే రోజు, రాత్రయినా సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. షుగరు ఉన్నవాళ్లలో పంటి చీము మెడలోకి దిగడానికి ఎక్కువ సమయం పట్టదు.